స్వీయహానికి పాల్పడిన వయోజనులకు మనోసామాజిక చికిత్స: మైదుకూరు ప్రాంతానికి అన్వయం

తన శరీరానికి తానే కావాలని హాని చేసుకోవడాన్ని స్వీయహాని అంటారు. చనిపోవాలన్న కోరిక దాని వెనుక బలంగా ఉండవచ్చు, ఊగిసలాటగా ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఒకసారి స్వీయహానికి పాల్పడినవారికి మళ్లీ ఆ ప్రమాదం ఎక్కువ. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన తొలి వారాలు, నెలలు మరీ కీలకం. కాబట్టి ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపడంతో వైద్యం ముగియదు. మాటతో, మనిషి తోడుతో జరిగే మనోసామాజిక చికిత్స అక్కడే మొదలుకావాలి.

చికిత్సా పద్ధతులు

పరిశోధకులు ఎక్కువగా పరీక్షించినది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని. ‘ఇక దారి లేదు’ అన్న ఆలోచన ఎప్పుడు, ఎలా వస్తుందో రోగి గుర్తించేలా చేసి, సమస్యను విడదీసి చూడడం ఇందులో నేర్పుతారు. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పదేపదే హాని చేసుకునేవారి కోసం పుట్టింది. ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం, కష్టాన్ని ఓర్చుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం ఇందులో సాధన చేయిస్తారు. దీనికి శిక్షణ, కాలం, సిబ్బంది ఎక్కువ కావాలి.

వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో వెలువరించిన సమీక్ష వయోజనులపై జరిగిన 76 ప్రయోగాలను పరిశీలించింది. కాగ్నిటివ్ బిహేవియరల్ పద్ధతుల వల్ల తర్వాతి నెలల్లో స్వీయహాని పునరావృతి తగ్గవచ్చని తేల్చింది. ఉత్తరాలు, పోస్టుకార్డుల వంటి దూరపు పలకరింపులు మాత్రమే సరిపోతాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. ప్రయోగాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవి కావడం వల్ల ఫలితాలను మన పల్లెలకు జాగ్రత్తగా అన్వయించుకోవాలి.

చెన్నై అనుభవం

మైదుకూరు ఉన్న రాయలసీమకు దగ్గరి ఆధారం చెన్నైలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, ఆత్మహత్యా ప్రయత్నం తర్వాత ఆస్పత్రికి వచ్చిన 1,867 మందితో చేసిన అధ్యయనంలో చెన్నై ఒక కేంద్రం. ఒక వర్గానికి మామూలు వైద్యం అందింది. రెండో వర్గానికి దానితోపాటు గంటసేపు విడిగా మాట్లాడి, తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోన్లోనో ఇంటికి వెళ్లో పలకరించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆత్మహత్య మరణాలు మొదటి వర్గంలో 2.2 శాతం, రెండో వర్గంలో 0.2 శాతం. మళ్లీ ప్రయత్నించినవారి శాతంలో మాత్రం తేడా కనిపించలేదు. పలకరింపుతోపాటు నైపుణ్యాలు నేర్పే చికిత్స కూడా అవసరమని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మైదుకూరులో అన్వయం

స్వీయహానికి ఏదో ఒక్కటే కారణం ఉండదు. అప్పు, మద్యం, కుటుంబ కలహం, గృహహింస, చికిత్స అందని కుంగుబాటు కలగలిసి ఉంటాయి. మైదుకూరు చుట్టుపక్కల పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. పెట్టుబడి ముందే పడుతుంది, ధర చివర్లో తేలుతుంది. అప్పుతో కుంగిన రైతుకు ‘ధైర్యంగా ఉండు’ అన్న మాట చికిత్స కాదు. బ్యాంకు బాకీ ఎంత, చేబదులు ఎంత, వడ్డీ ఎవరిది ముందు కట్టాలి, ఎవరితో గడువు అడగవచ్చు అని కాగితం మీద విడదీయించి, ఈ వారం చేయగల ఒక్క పని ఎంచుకోనివ్వడమే సమస్యా పరిష్కార చికిత్స. దెబ్బలు తింటున్న మహిళ విషయంలో ముందు రక్షణ, ఆ తర్వాతే కౌన్సెలింగ్. ఆమెతో మాట్లాడేటప్పుడు భర్త, అత్తమామలు పక్కన ఉండకూడదు.

ఇంటికి పంపేముందు రోగితో కలిసి భద్రతా ప్రణాళిక రాయాలి. అందులో ఉండాల్సినవి ఇవి. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం వంటి ముందస్తు గుర్తులు. అప్పుడు తాను చేయగల పని. వెళ్లి కూర్చోగల పెద్దమ్మ ఇల్లో, స్నేహితుడి అంగడో. ఫోన్ చేయాల్సిన ఇద్దరు ముగ్గురి నంబర్లు. వైద్య సహాయం దొరికే చోటు. ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా చూసే బాధ్యత ఇంట్లో ఎవరు తీసుకుంటారో కూడా రాసుకోవాలి.

నిపుణుల కోసం కడప రిమ్స్ ఆస్పత్రి దాకా పోవడం ప్రతి వారం అందరికీ కుదరదు. తొలి అంచనా, మందులు నిపుణులు చూసుకుంటే, శిక్షణ పొందిన ఏఎన్ఎం (సహాయక నర్సు) లేదా విలేజ్ క్లినిక్ సిబ్బంది నిర్ణీత తేదీల్లో పలకరింపు కొనసాగించవచ్చు. విషయం ఊళ్లో పొక్కకుండా గోప్యత పాటించడం దీనికి తొలి షరతు.

చట్టం, సహాయం

కేసవుతుందన్న భయంతో కుటుంబాలు సంగతి దాచిపెడతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి; అది కాదని రుజువైతే తప్ప శిక్షించరాదు. అలాంటివారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను అదే సెక్షన్ ప్రభుత్వంపై పెట్టింది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి, సాయం వచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.