కొప్పు ఎవరి సొమ్ము?

1910ల నాటి ఫోటోల్లో నడిపాపిట తీసి, మెడమీద నిండుగా కొప్పు చుట్టుకున్న స్త్రీలను చూసి ముచ్చటపడతాం. ఆ నిండుదనంలో సవరం పాలు చాలా ఉండేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని ఉండచుట్టి గోడ సందులో దాచి, సవరం కట్టించుకునేవాళ్లమని చిత్తూరులో మా అవ్వ చెప్పేది. ఆ కాలంలోనే యూరప్, అమెరికా స్త్రీలు కూడా రాలిన జుట్టును దాచి, తమ ఎత్తయిన సిగల లోపల ఉండలుగా పెట్టుకునేవారు.

ఆ ఫోటోల్లోకి రాని స్త్రీలున్నారు. భర్త పోతే, పడుచుపిల్లయినా సరే, బ్రాహ్మణ ఇళ్లలో తల గొరిగించేవారు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాక కూడా దశాబ్దాలపాటు ఈ ఆచారం సాగింది. కొప్పు ఉంటుందా పోతుందా అన్నది మొగుడి ఆయుష్షును బట్టి తేలేది.

తిరుమల కల్యాణకట్టలో ముత్తయిదువ తలనీలాలిస్తే మాత్రం పుణ్యం. రెండుచోట్లా అదే కత్తి, అదే నున్నటి తల. ఇక్కడ ఆమె తానై మొక్కుకుంటుంది. కానీ ఆ మొక్కు బిడ్డ జ్వరం కోసమో, భర్త ఉద్యోగం కోసమో అయినప్పుడు, అందులో ఆమె ఇష్టమెంత?

ఆ జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. అది విగ్గులై సముద్రాలు దాటుతుంది. 2004లో జెరూసలేం మతగురువొకరు, గుడిలో అర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు నిషిద్ధమన్నారు. యూదు వాడల్లో కొందరు వాటిని వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. ఇచ్చినామెనూ అడగలేదు, పెట్టుకున్నామెనూ అడగలేదు.

మా అవ్వ గోడ సందులో దాచుకున్న ఆ ఉండను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకే అది ఆమెకు మిగిలింది.