రక్తమును లెక్కించిన వైద్యుడు

మానవుని గుండె ఇంచుమించు అతని పిడికిలియంత యుండును. దాని బరువు సుమారు 300 గ్రాములు. ఇందు నాలుగు గదులు కలవు. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. కుడి, ఎడమ జఠరికల నడుమ దళసరియైన కండరపు గోడ యున్నది. ఈ గోడను గూర్చిన ఒక పొరపాటు సుమారు పదునాలుగు వందల యేండ్లు వైద్యశాస్త్రమును పట్టి ఉంచినది.

క్రీ. శ. 2వ శతాబ్దమున రోము నగరములో గాలెన్ అను గ్రీకు వైద్యుడు ప్రసిద్ధి గాంచెను. ఆహారమునుండి కాలేయములో రక్తము పుట్టుననియు, అది సిరలద్వారా అవయవములకు పోయి, పొలమునకు పెట్టిన నీటివలె అక్కడనే ఇంకిపోవుననియు ఆయన బోధించెను. అందు కొంత భాగము జఠరికల నడిమి గోడలోని కంటికి కానరాని రంధ్రములగుండ కుడినుండి ఎడమకు ఊరునట! మానవ శరీరమును కోసి చూచుట ఆనాడు రోములో సాగెడిది కాదు. గాలెన్ కోతులను, పందులను కోసి పరిశీలించెను. ఆయన సామాన్యుడు కాడు. ధమనులలో నుండునది గాలి కాదు, రక్తమే యని ప్రయోగముచేసి చూపినవాడు. అందువలననే ఆయన మాట తరువాతివారికి వేదవాక్కయినది.

ఆ మాటను మొదట కాదన్నవాడు ఇబ్న్ అల్ నఫీస్. ఈయన డమాస్కసులో చదివి కైరోలో వైద్యము చేసెను. గోడలో రంధ్రములు లేవనియు, రక్తము కుడి జఠరికనుండి ఊపిరితిత్తులకు పోయి, గాలితో కలిసి ఎడమ ప్రక్కకు వచ్చుచున్నదనియు 1242లో వ్రాసెను. ఆ వ్రాత చాలకాలము మరుగునబడి, 1924లో బెర్లినులోని వ్రాతప్రతినిబట్టి మరల వెలుగులోనికి వచ్చినది.

ఐరోపాలో ఈ చర్చకు ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయము ముఖ్యస్థానము. అక్కడ బోధించిన వెసేలియస్ తాను గోడలో రంధ్రములను చూడలేదని 1555 నాటి గ్రంథములో స్పష్టముగా చెప్పెను. 1559లో అచ్చయిన కొలంబో గ్రంథము ఊపిరితిత్తులగుండ రక్తము పోవు మార్గమును వివరించినది. 1603లో ఫాబ్రీషియస్ సిరలలోని కవాటములను వర్ణించెను. కాని అవి రక్తపు వేగమును తగ్గించుటకే యున్నవని ఆయన తలచెను.

ఫాబ్రీషియస్ వద్ద చదివి 1602లో పట్టము పొందిన ఆంగ్లేయుడు విలియం హార్వే. కవాటమనగా తలుపు, ఈ తలుపులన్నియు గుండె వైపునకే ఏల తెరచుకొనుచున్నవి? దీనికి తోడు హార్వే ఒక లెక్క వేసెను. గుండె ఒక్కొక్క దెబ్బకు అర ఔన్సు రక్తమునే పంపుననుకొందము. అరగంటలో వేయిసార్లే కొట్టుకొనుననుకొందము. అయినను 500 ఔన్సులు, అనగా సుమారు 15 కిలోగ్రాములు! దినమంతకు పొడిగించినచో అది 700 కిలోగ్రాములు దాటును. పదిమంది మనుష్యుల బరువు గల రక్తమును ప్రతిదినము ఆహారమునుండి తయారుచేయుట ఏ కాలేయమునకు సాధ్యము? కనుక రక్తము ఖర్చయి పోవుట లేదు. ఉన్న రక్తమే ధమనులగుండ వెడలి, సిరలగుండ మరలి వచ్చుచున్నది.

ఆయన చేసిన పరీక్షలలో ఒకటి విద్యార్థులు తమ చేతిమీదనే చూడవచ్చును. ముంజేతిపై ఉబ్బిన సిరను ఒక వ్రేలితో అదిమి, మరియొక వ్రేలితో అందలి రక్తమును మోచేతి వైపునకు త్రోసి, ఆ రెండవ వ్రేలిని తీయవలెను. కవాటము దాటిన రక్తము వెనుకకు రాదు. సిర ఖాళీగానే యుండును. మొదటి వ్రేలిని తీసినంతనే క్రిందినుండి రక్తము వచ్చి నిండును.

ఈ విషయములను హార్వే 1628లో ఫ్రాంక్‌ఫర్టునందు లాటిన్ భాషలో ప్రకటించెను. పారిసులోని రియోలాన్ వంటి పండితులు ఎదిరించిరి. ఆ పుస్తకము వెలువడిన పిమ్మట ఆయన వద్దకు వచ్చు రోగుల సంఖ్య మిక్కిలి తగ్గినదని ఆయనను ఎరిగిన జాన్ ఆబ్రే వ్రాసెను. సిద్ధాంతములో ఒక లోపమును మిగిలెను: ధమనులలోని రక్తము సిరలలోనికి ఏ దారిని పోవుచున్నదో హార్వే చూడలేదు. 1657లో ఆయన మరణించెను. నాలుగేండ్లకు, 1661లో, మాల్పీఘీ అను ఇటలీ శాస్త్రజ్ఞుడు కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వెంట్రుకకంటె సన్నని కేశనాళికలను కనుగొనెను. దారి దొరికినది.

విశ్రాంతిగా నున్న మానవుని గుండె నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొని, దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున 5 లీటర్ల రక్తమును పంపునని నేడు తెలియును. శరీరములోని రక్తమంతయు ఇంచుమించు అంతే. హార్వే వేసిన అర ఔన్సు ఇందు నాలుగవ వంతైనను కాదు. కావలెననియే తక్కువగా వేసిన ఆ లెక్కకే గాలెన్ వాదము నిలువలేకపోయినది.