రేసు కారులో బ్యాటరీ కటాఫ్ స్విచ్

రేసు కారులో బ్యాటరీ నుంచి వెళ్లే కరెంటంతా ఒక్కసారిగా తెంపి, నడుస్తున్న ఇంజన్‌ను కూడా ఆపేసే సాధనమే బ్యాటరీ కటాఫ్ స్విచ్. మెయిన్ స్విచ్, కిల్ స్విచ్ అని కూడా పిలుస్తారు. కారు పల్టీ కొట్టి పెట్రోలు కారుతున్నప్పుడు, నలిగిన వైరు నుంచి రవ్వ లేవకుండా చూడడం దీని పని. ఎంత ఖరీదైన స్విచ్ కొన్నా, ఆపదలో చెయ్యి అందని చోట బిగిస్తే అది ఉన్నా లేనట్టే.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య నిబంధనలు స్విచ్ లోపలి నుంచీ బయటి నుంచీ అందాలంటాయి. లోపల డ్రైవర్, బయట ట్రాక్ పక్కన నిలబడే మార్షల్. పైకప్పు ఉన్న కార్లలో బయటి మీట ముందు అద్దం అడుగుభాగాన ఉండాలి. తెల్ల అంచున్న నీలం త్రిభుజంలో ఎర్రని మెరుపు గుర్తు దాని పక్కనే అంటించాలి. ఆ త్రిభుజం అడుగు కనీసం 12 సెంటీమీటర్లు ఉండాలి. పొగలోనైనా మార్షల్ వెతుక్కోకుండా నేరుగా చెయ్యి పెట్టగలగాలి.

లోపలి మీట చోటును గ్యారేజీలో ఖాళీ సీటు చూసి నిర్ణయించకూడదు. డ్రైవర్‌ను కూర్చోబెట్టి, హెల్మెట్, గ్లవ్స్ వేయించి, బెల్టులు రేసులో బిగించినంత బిగించి చెయ్యి చాపమనాలి. భుజం కదలదు కాబట్టి మామూలుగా అందే డాష్‌బోర్డు చివర కూడా అప్పుడు దూరమైపోతుంది. రెండో చేత్తోనూ ప్రయత్నించాలి, ప్రమాదంలో ఏ చెయ్యి దెబ్బతింటుందో చెప్పలేం. అందుకే డాష్‌బోర్డు మధ్యభాగమో, గేరు మీట ముందున్న చోటో సాధారణంగా నప్పుతుంది. మోకాలు తగిలే చోటు మాత్రం పనికిరాదు, పరుగు మధ్యలో కారు ఆగిపోతుంది. తలుపు, బంపర్, మడ్‌గార్డు గుద్దుకుంటే ముందుగా నలిగేవి. వాటికి బిగించిన స్విచ్ అవసరమైన క్షణంలోనే విరిగిపోవచ్చు.

అసలు చిక్కు బ్యాటరీ డిక్కీలో ఉన్నప్పుడు వస్తుంది. చేతికి అందాలని స్విచ్‌ను డాష్‌బోర్డులో పెడితే, బ్యాటరీ ప్లస్ నుంచి అక్కడిదాకా లావుపాటి కేబుల్ కారు పొడవునా సాగుతుంది. స్విచ్ ఆపినా ఆ కేబుల్‌లో కరెంటు ఉంటూనే ఉంటుంది. నలిగి బాడీకి తగిలిందంటే దాన్ని ఆపే దిక్కు ఉండదు. కాబట్టి స్విచ్‌ను బ్యాటరీ దగ్గరే బిగించి, డాష్‌బోర్డుకూ అద్దం కిందికీ లాగే తీగలు తెచ్చుకోవడం మేలైన పద్ధతి. చలనభాగాలు లేని ఎలక్ట్రానిక్ కటాఫ్ అయితే తీగలు కూడా అక్కర్లేదు, చిన్న బటన్లు చాలు. ఏ పద్ధతిలోనైనా ప్రధాన కేబుల్‌ను పెట్రోలు పైపు పక్కనా, సైలెన్సర్ దగ్గరా పోనివ్వకూడదు. రేకులోంచి వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్ వేయాలి.

బ్యాటరీని మాత్రమే తెంపితే ఇంజన్ ఆగదు. తిరుగుతున్న ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. పైగా బ్యాటరీ ఆసరా తప్పగానే వోల్టేజీ ఎగిసి డయోడ్లు కాలిపోవచ్చు. అందుకే రేసు కారు స్విచ్‌కు రెండు పెద్ద టెర్మినళ్లతో పాటు చిన్నవీ ఉంటాయి. ఆపగానే అవి ఇగ్నిషన్‌ను తెంపి, ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంటును ఒక రెసిస్టర్ ద్వారా ఎర్తుకు పంపుతాయి. పరీక్ష సులువు: ఇంజన్ రేజ్ చేసి స్విచ్ తిప్పితే ఇంజన్ ఆగిపోవాలి. ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు లేని పాత తరహా డీజిల్ ఇంజన్ కరెంటు లేకున్నా నడుస్తుంది కాబట్టి, దానికి గాలిని మూసేసే ఏర్పాటు కూడా స్విచ్‌తో కలపాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్‌పై విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పోటీ జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇలాంటి విద్యుత్ రేసు కార్లలో వందల వోల్టుల ప్రధాన బ్యాటరీని విడిగా వేరుచేయాలి. ముట్టుకోవచ్చో లేదో మార్షల్‌కు కారు మీది దీపమే చెబుతుంది: పచ్చ వెలిగితే క్షేమం, ఎర్ర వెలిగితే దూరం. ఇంజనీరింగ్ విద్యార్థుల ఫార్ములా పోటీల్లో మెయిన్ స్విచ్ కారుకు కుడివైపు, డ్రైవర్ వెనకున్న ప్రధాన రోల్ హూప్ దగ్గర, భుజమెత్తులో ఉండాలి. దాని ఎర్రటి పిడి ఆఫ్‌లో ఉన్నప్పుడే ఊడుతుంది.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఇదే స్విచ్ బొగ్గు టిప్పర్లలోనూ గ్రానైట్ లారీలలోనూ కనిపిస్తుంది. అక్కడ దాని పని వేరు: రాత్రి బండి ఆపాక బ్యాటరీ దిగిపోకుండా, రిపేరులో షార్ట్ కాకుండా చూడడం. అందుకు ఛాసిస్ పక్కన బ్యాటరీ పెట్టె దగ్గర బిగిస్తే సరిపోతుంది. మంటలు లేచినప్పుడు మాత్రం డ్రైవర్ దిగి చుట్టూ వెళ్లి వెతుక్కోవాలి. క్యాబిన్‌లో రెండో మీట ఉండడం నా దృష్టిలో తప్పనిసరి. కొత్తగూడెం, భద్రాచలం వేసవిలో 45 డిగ్రీలు దాటే చోట్లు. మణుగూరు దారిలో బొగ్గు దుమ్ము, వానాకాలంలో టైరు చిమ్మే బురద కలిస్తే స్విచ్ లోపలి రాగి నల్లబడి కరెంటు సరిగా పట్టదు. అందుకని టెర్మినళ్లకు రబ్బరు టోపీలు తొడిగి, వ్యాసలీన్ రాసి, స్విచ్‌ను బురద చిమ్మే ఎత్తుకు పైన బిగించాలి. లాగే తీగకు వానాకాలం ముందూ తర్వాతా నూనె పెట్టి, బిగుసుకుందేమో లాగి చూడాలి.