వేసవి సెలవుల్లో ఏ ఆట తీద్దాం?



కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లల్ని బయటికి పంపలేం. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మా వారు పడుకుని ఉంటారు. సరే అని ఆటల డబ్బా దించుతానా, పది నిమిషాల్లో పేచీ మొదలు! పెద్దవాడికి బిజినెస్ కావాలి, అమ్మాయికి లూడో. ఆరేళ్ల చిన్నవాడికి ఏ ఆటైనా ఓటమే. వాడి ఏడుపుతో ఆయన నిద్ర కాస్తా సరి.

పోయిన సెలవుల్లో మా అత్తయ్యగారు పెట్టెలోంచి బట్టమీద కుట్టిన పచ్చీసు తీశారు. "లూడో లాంటిదేగా" అన్నాను. కాదట!

ఫతేపూర్ సిక్రీలో అక్బరు రాజభవనం ముంగిట రాతిమీద పరిచిన పచ్చీసు గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దాసీలనే కాయలుగా నిలబెట్టి ఆడించేవాడని చెబుతారు (ఆ ఎండలో వాళ్ల గతేమిటో!). ఈ ఆటే పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో లూడోగా మారింది. గవ్వలు పోయి పాచిక వచ్చింది. అది పెద్ద నష్టం కాదు. పోయిందల్లా జోడీ. పచ్చీసులో ఎదురెదురుగా కూచున్న ఇద్దరూ ఒక జట్టు. ఒకరి నాలుగు కాయలు పండితే చాలదు, ఇద్దరివీ ఎనిమిదీ పండాలి. అందుకని పండబోయే కాయను కూడా ఆపి, ఇంకో చుట్టు తిప్పి, జోడీకి సాయం పంపొచ్చు. బుర్రకు పని అంతా అక్కడే. లూడోలో ఎవరి గోల వారిదే.

బిజినెస్ కథా ఇంచుమించు ఇంతే. దానికి మూలమైన ఆటను అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే ఆవిడ తయారుచేసి 1904లో పేటెంటు పొందింది. భూములన్నీ ఒక్కరి చేతిలో పడితే మిగతావాళ్లు ఎట్లా చితికిపోతారో చూపించాలని ఆమె తాపత్రయం. సంపద అందరికీ చేరే పద్ధతిలో ఆడే నియమాలూ పెట్టింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమెకు 500 డాలర్లిచ్చి పేటెంటు కొనుక్కుంది. పేరు మాత్రం చార్లెస్ డారో అనే ఆయనకు దక్కింది. పదిమందీ బాగుపడే నియమాలు మూలన పడ్డాయి, పక్కవాణ్ణి దివాలా తీయించే ఆట ఇల్లిల్లూ చేరింది. మా పెద్దవాడికి నచ్చేది సరిగ్గా అదే!

ఇద్దరే ఉంటే పులి-మేక మేలు. మూడు పులులు, పదిహేను మేకలు, నేలమీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. మేకలు విడివిడిగా తిరిగాయా, పులి నోట్లో పడ్డట్టే. చదరంగమంటారా, మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. మనదేశంలో ఆనంద్ తర్వాత అతనే. నేర్పండి, కాదనను. కాని ఆరేళ్లవాణ్ణి పన్నెండేళ్లవాడి ఎదుట కూచోబెట్టకండి.

మా ఇంట్లో ఆ మధ్యాహ్నం అత్తయ్యగారు, చిన్నవాడు ఒక జోడీ. ఆవిడ చివరి కాయ గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ పండించలేదు! మనవడి కాయ వెనకే ఇంకో చుట్టు తిప్పారు. "నానమ్మా, ఇది అన్యాయం" అని పెద్దవాడు ఒకటే గొణుగుడు. చిన్నవాడు మాత్రం ఏడవలేదు, మా వారూ లేవలేదు.

గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒక పక్క తెల్లగా అరగదీసుకోండి. ఆరు చాలు.