జీతం లేని కొలువు

ఉద్యోగి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో అతని భార్య నడవడి గురించి కూడా పై అధికారి రాసేవాడంటే మన సభ్యులలో చాలామంది నమ్మరేమో! అమెరికా విదేశాంగ శాఖలో 1972 వరకు అదే ఆనవాయితీ. ఆవిడ అతిథులను ఎలా ఆదరిస్తుంది, తోటివారితో ఎలా మెలుగుతుంది అన్నవి కూడా భర్త ప్రమోషన్‌కు లెక్కలోకి వచ్చేవి.

ఆ రోజుల్లో ఆసియా దేశాలకు వచ్చిన దౌత్యాధికారి భార్యకు తనదంటూ పొద్దు మిగిలేది తక్కువ. ఊళ్ళో దిగగానే రాయబారి సతీమణి మొదలుకొని సీనియర్ల ఇళ్ళకు హోదా వరుసలో వెళ్ళి విజిటింగ్ కార్డులు ఇచ్చి రావాలి. ఉదయం వంటవాడితో రాత్రి విందు లెక్కలు, తాగే నీళ్ళు కాచారో లేదో చూసుకోవడం. భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరన్నది హోదా పట్టిక చూసి తేల్చాలి. ఒక కుర్చీ తారుమారైతే నొచ్చుకునేది ఒక మనిషి కాదు, ఒక దేశం!

1951లో ఢిల్లీకి వచ్చిన రాయబారి చెస్టర్ బౌల్స్ భార్య స్టెబ్ ఈ చట్రంలో ఇమడలేదు. హిందీ నేర్చుకున్నారు, చీర కట్టారు, పిల్లలను మన బడులలోనే చేర్చారు. కుమార్తె సింథియా శాంతినికేతన్‌లో కూడా చదివి, 1956లో 'ఎట్ హోమ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం ప్రచురించింది. 1963లో భర్త రెండోసారి రాయబారిగా వచ్చేనాటికి రూజ్‌వెల్ట్ హౌస్ అనే కొత్త భవనం సిద్ధంగా ఉంది. అయినా ఆ దంపతులు దానిని కాదని రాటెండన్ రోడ్డులోని పాత బంగళాలోనే కాపురముండిపోయారు. ఇల్లాలికి కావలసింది ఇల్లు గాని ఎగ్జిబిషన్ హాలు కాదు గదా!

మధ్యలో రాయబారిగా ఉన్న గాల్‌బ్రెయిత్ గారి భార్య కేథరీన్, 1963లో 'అట్లాంటిక్' మాసపత్రికలో తన ఢిల్లీ జీవితం గురించి ఒక వ్యాసం రాశారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'అమ్మ పెద్దగా పనేమీ చేయదు'. ఆ పేరులోని చురక మన ఇళ్ళలోని ఆడవారికి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

భార్య ప్రభుత్వోద్యోగి కాదు, స్వతంత్ర వ్యక్తి. ఆమె గురించి రిపోర్టులో రాయరాదు అని 1972లో ఉత్తర్వు వచ్చింది. మంచిదే. కాని అంతకుముందు చేసిన చాకిరీ ఏ సర్వీసు రిజిస్టరుకూ ఎక్కలేదు. కనీసం పదేళ్ళు కాపురం చేసి విడాకులు పొందిన భార్యకు భర్త పెన్షనులో వాటా ఇస్తూ 1980లో చట్టం చేశారు. అది అమలులోకి రాకముందే విడిపోయినవారికి మొదట ఆ వాటా కూడా దక్కలేదు.