మొబైల్ యాప్‌లలో కెమెరా అనుమతి

ఫోన్ కెమెరాను ఏ యాప్, ఎప్పుడు వాడుకోవచ్చో తేల్చే ఏర్పాటు కెమెరా అనుమతి. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అనుమతుల జాబితా కనిపించేది. అందులో కెమెరా ఒక్కదాన్నే కాదనే వీలు లేదు. అన్నిటికీ ఒప్పుకోవాలి, లేదా యాప్‌నే వదులుకోవాలి. ఫ్లాష్ కెమెరాలో భాగం కాబట్టి టార్చిలైటు యాప్ కూడా కెమెరా అనుమతి కోరేది. ఆ జాబితాను గమనించినవారు నూటికి 17 మందేనని 2012లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. తప్పు వాడేవారిది కాదు, అడిగిన సమయానిది.

ఐఫోన్‌లో 2012 నాటి ఐఓఎస్ 6 కాంటాక్టులకు, ఫోటోలకు విడివిడిగా అనుమతి అడగడం మొదలుపెట్టింది. కెమెరాకు ఆ పద్ధతి అన్ని దేశాల్లోనూ అమలైంది ఐఓఎస్ 8తో, 2014లో. ఐఓఎస్ 10 నుంచి కెమెరా ఎందుకు కావాలో యాప్ ముందే రాసిపెట్టుకోవాలి. ఆ వాక్యం లేని యాప్ కెమెరాను తాకగానే ఆగిపోతుంది.

అసలు మలుపు 2015 నాటి ఆండ్రాయిడ్ 6. అప్పటినుంచి యాప్ నడుస్తుండగా, అవసరం పడినప్పుడే అనుమతి అడగాలి. ఒకసారి ఇచ్చిన అనుమతిని వాడుకరి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందుకే కెమెరా తెరిచే ప్రతిసారీ అనుమతి ఇంకా ఉందో లేదో యాప్ సరిచూసుకోవాలి. ఒక్క ఫోటో చాలనుకునే యాప్ ఆ పనిని ఫోన్‌లోని కెమెరా యాప్‌కే అప్పగించవచ్చు, అప్పుడు అనుమతే అక్కర్లేదు. అయితే ఇక్కడొక చిక్కుంది. మేనిఫెస్ట్‌లో, అంటే యాప్ తన అవసరాలు చెప్పే ఫైలులో, కెమెరా అనుమతిని ప్రకటించి, దాన్ని పొందకుండా ఈ దారి పట్టిన యాప్‌కు భద్రతా ఎర్రర్ ఎదురవుతుంది.

2020లో ఆండ్రాయిడ్ 11 'ఈ ఒక్కసారికే' అన్న వీలు కల్పించింది. రెండుసార్లు కాదన్నాక యాప్ మళ్లీ అడిగినా ప్రశ్న తెరపైకి రాదు. కాబట్టి యాప్ తెరవగానే అడగడం కన్నా, వాడుకరి కెమెరా బొత్తాం నొక్కినప్పుడు అడగడమే మేలు. నిరాకరించినవారికి కారణం చెప్పి, గ్యాలరీ నుంచి ఫోటో ఎంచుకోవడం వంటి మరో దారి చూపాలి. కెమెరా నడుస్తోందని తెలిపే ఆకుపచ్చ గుర్తు 2020లో ఐఓఎస్ 14లోనూ, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 12లోనూ వచ్చింది. ఆండ్రాయిడ్ 12 అన్ని యాప్‌లకూ కెమెరాను ఒకేసారి ఆపేసే స్విచ్‌నూ ఇచ్చింది.

భారతదేశంలో రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో వీడియో ద్వారా కేవైసీకి (ఖాతాదారు గుర్తింపు తనిఖీకి) ఒప్పుకోవడంతో బ్యాంకు పనికీ కెమెరా అవసరమైంది. రుణ యాప్‌లు కాంటాక్టులను, కాల్ వివరాలను తాకరాదని, కేవైసీ కోసం మాత్రం రుణగ్రహీత స్పష్టమైన సమ్మతితో కెమెరాను ఒక్కసారి వాడుకోవచ్చని అదే బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది.