గాడిలోంచి జేబులోకి

ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో 1921లో చనిపోయాడు. 1976లో ఆయన గొంతుతో ఆర్‌సీఏ కంపెనీ ఒక ఎల్పీ విడుదల చేసింది. పాటలు పాతవే, మైకులు రాకముందు పెద్ద బూర ముందు నిలబడి పాడినవి. ఆ బూర కొన్ని స్వరాలను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపేది, కొన్నింటిని మింగేసేది. యూటా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ థామస్ స్టాక్‌హమ్ ఆ రికార్డులను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఎక్కించాడు. తర్వాతి కాలపు మంచి రికార్డింగుతో పోల్చి, బూర ఎక్కడ ఎంత హెచ్చుతగ్గులు చేసిందో లెక్కగట్టి, ఆ మేరకు సరిచేశాడు. అటక మీది రికార్డును కంప్యూటర్లో శుభ్రం చేసే కళకు మూలపురుషుడు ఎవరంటే ఈయన పేరే చెప్పుకోవాలి.

శుభ్రం చేశాక దాన్ని ఎంపీ3గా దించుకోవడం ఇవాళ ఒక మీట నొక్కినంత పని. ఆ మీట వెనక ఉన్నవి చాలావరకు వేరే అవసరాల కోసం పుట్టిన పనిముట్లే.

రికార్డులో ఉండేది గాడి ఒక్కటే. ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి ముల్లు అదే గాడిలో ఊగుతోంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత '78' రికార్డులకు ముడిసరుకు లక్క. అందులో పెద్ద వాటా మన దేశం నుంచే వెళ్లేది. 10 అంగుళాల ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. సినిమాలో తీరిగ్గా సాగిన పాట ప్లేటు మీదకు వచ్చేసరికి ఒక చరణం వదులుకోవడమో, రెండు వైపులా పంచుకోవడమో తప్పేది కాదు. 1948 జూన్‌లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్పీ తెచ్చాక ఒక్కో వైపు 20 నిమిషాలు దాటింది.

బేస్ శబ్దాలకు గాడి బాగా ఊగుతుంది. ఉన్నదున్నట్టు కోస్తే పక్క గాడిలోకి చొరబడుతుంది. అందుకని కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు. వినేటప్పుడు ఫోనో ప్రీయాంప్ ఆ లెక్కను తిరగేస్తుంది. అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ 1954లో ఇందుకు ఒక కొలత ఖరారు చేసింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. ప్రీయాంప్ లేకుండా ప్లేయర్ తీగను నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే పాట పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది ఇందుకే. ముల్లు సంగతి కూడా ఇంతే. 78 గాడికి కావాల్సిన ముల్లు ఎల్పీ ముల్లుకు మూడు నాలుగు రెట్ల లావు. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున పేరుకున్న దుమ్మును దున్నుకుంటూ పోతుంది.

శబ్దాన్ని అంకెలుగా మార్చే కొలత 1982లో సీడీతో స్థిరపడింది: సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. నిమిషం పాటకు దాదాపు 10 మెగాబైట్లు. ఈ బరువును తగ్గించిన ఆలోచన జర్మనీలోని ఎర్లాంగన్‌లో పుట్టింది. అక్కడి ప్రొఫెసర్ డీటర్ జైట్సర్‌కు టెలిఫోన్ తీగ మీద సంగీతం పంపాలని కోరిక. పేటెంటు కార్యాలయం అది అయ్యే పని కాదంది. విద్యార్థి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ దాన్నే పరిశోధనగా తలకెత్తుకున్నాడు. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఆనదు. ఆననిదానికి బిట్లు ఖర్చు పెట్టడం దండగ. సూత్రం ఇంతే. కానీ గాయని సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పాట, వాద్యం లేని ఒంటి గొంతు, తొలి ప్రయత్నాల్లో వినలేనంత చెడిపోయింది. అది బాగా వినపడేదాకా పద్ధతిని సవరిస్తూ పోయారు. ఫైలు పేరు చివర '.ఎంపీ3' అని ఉండాలని నిర్ణయమైంది 1995 జూలై 14న.

1998లో వచ్చిన డైమండ్ రియో ప్లేయర్‌లో ఉన్న చోటు 32 మెగాబైట్లు. ఒక 78 రికార్డులో ఒక వైపు పాటను సీడీ కొలతలో పెడితే ఆ పెట్టె నిండిపోతుంది. అదే పాట సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే మూడు మెగాబైట్లకు అటూ ఇటూ. పది పాటలు జేబులో పడ్డాయి.

అయితే ఎంపీ3కీ పాత రికార్డుకీ పొసగదు. గీత పడిన చోట వచ్చే 'టిక్' వెయ్యో వంతు సెకను ఉంటుందనుకుందాం; అది 44 నమూనాలు. ఎంపీ3 శబ్దాన్ని 576 నమూనాల ముక్కలుగా కోసి లెక్కిస్తుంది. ముక్కలో ఒక మూల టిక్కుమన్నా దాని మరక ముక్కంతా పరుచుకుంటుంది, టిక్కుకు ముందే మసక చప్పుడొకటి వస్తుంది. దాన్ని అణచడానికి ముక్కను ఇంకా చిన్నవి చేయాలి, బిట్లు అటు పోతాయి. పాట పొడుగునా వినిపించే గరగర ఇంకా ఖరీదైనది. ఒక క్షణానికి మరో క్షణానికి పోలిక ఉండదు కనుక దాన్ని కుదించడం కష్టం. అంటే 128 కిలోబిట్లలో గాయకుడికి చెందాల్సిన వాటాను దుమ్ము తినేస్తుంది. అందుకే ముందు శుభ్రం చేసి, చివర్లో ఒక్కసారే ఎంపీ3 చేయాలి. అసలు ప్రతిని వేవ్‌గానో, ఏదీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌గానో దాచుకోవాలి.

శుభ్రం చేసే విద్యను వృత్తిగా మలిచినవాళ్లలో కేంబ్రిడ్జికి చెందిన సెడార్ సంస్థ ముఖ్యమైనది. బ్రిటిష్ లైబ్రరీ శబ్ద భాండాగారం కోసం సాగిన పరిశోధనలోంచి 1988లో అది పుట్టింది. సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చిందని రెచ్చిపోతే మాత్రం కచేరీకే ముప్పు. మృదంగం మీద పడిన గట్టి దెబ్బ యంత్రానికి టిక్కులా కనిపించవచ్చు. ఎడతెగక మోగే తంబురా, ఎడతెగక వచ్చే సుర్రుమనే చప్పుడు దానికి ఇంచుమించు ఒకటే. కాస్త గరగర ఉండనివ్వడమే రసికత.

ఇంట్లో కూర్చుని ఈ పని చేసుకునేవాళ్లకు దొరికిన వరం ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టగా 2000లో ఉచితంగా విడుదలైంది. ఎల్పీ ఒక వైపంతా ఏకబిగిన రికార్డు చేసి, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం దగ్గర గుర్తులు పెట్టి, ఒక్కో పాటనూ విడి ఫైలుగా దించుకోవచ్చు. తిరకాసల్లా ఎంపీ3తోనే. పేటెంట్ల వల్ల ఆడాసిటీ దాన్ని తనతో ఇవ్వలేకపోయింది. 1998లో మొదలైన లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌ను విడిగా దించుకుని, అది డిస్కులో ఎక్కడుందో చూపిస్తే గానీ మీట పనిచేసేది కాదు. ఎంతోమంది అక్కడే ఆగిపోయారు. 2017లో ఎంపీ3 లైసెన్సుల వ్యవహారం ముగిసింది. 2019 నుంచి లేమ్ ఆడాసిటీతోపాటే వస్తోంది.

చట్టం ఇంకా పూర్తిగా తప్పుకోలేదు. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్లు. రాసినవారికి, స్వరపరిచినవారికి ఉండే హక్కు వేరే, వారి తదనంతరం 60 ఏళ్లు. ఒకే ప్లేటు మీద నాలుగు రకాల ముళ్లు ఒకేసారి నడిపి పాత 78లను నమోదు చేసిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారం మీద అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలు 2023లో కాపీరైటు దావా వేశాయి.

ఇక పేర్లు. ప్లేటు మధ్య కాగితం అతికించి ఉంటుంది, ఫైలుకు అది లేదు. ఆ లోటు తీర్చడానికి ఎరిక్ కెంప్ 1996లో ఫైలు చివర 128 బైట్లు తగిలించాడు, అదే ఐడీ3 ట్యాగ్. పాట పేరుకు 30 అక్షరాలు, గాయకుడికి 30. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంగ్లిష్ స్పెల్లింగులో 27 గడుల్లో ఇమిడిపోతారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణకు కావాల్సినవి 31. చివరి 'ఏ' తెగిపోయేది. తెలుగు లిపికైతే అందులో చోటే లేదు. 1998లో వచ్చిన రెండో రూపంలో పొడవు సమస్య తీరింది, యూనికోడ్ వచ్చింది. రికార్డు లోపలి అంచున చెక్కే మాట్రిక్స్ నంబరుకు మాత్రం అందులోనూ ప్రత్యేకమైన గడి లేదు. ఒకే పాటను రెండు మూడు సార్లు పాడించి ఉంటే ఇది ఏ టేకో చెప్పేది ఆ నంబరే కాబట్టి, ఓపిక ఉన్నవాళ్లు దాన్ని 'కామెంట్' గడిలో రాసుకుంటారు.